డెబ్బై మూడేళ్ళ వయసులో బేస్ గిటారు: నా చెవులు, నా చేతులు

గత కొన్ని నెలలుగా ఈ బ్లాగులో నేనేమీ వ్రాయలేదు. నా ఆరోగ్యం బాగులేదేమోనని కొందరు ఫోను చేసి పరామర్శించారు. వారి అభిమానానికి కృతజ్ఞుణ్ణి. నేను దక్షిణ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో, మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఇక్కడ నేను చేస్తున్న పని వింటే, నాతోపాటు ప్రభుత్వాసుపత్రులలో ఉద్యోగం చేసిన మిత్రులు తప్పక నవ్వుకుంటారు. బేస్ గిటారు నేర్చుకుంటున్నాను. అందులోనూ సర్ఫ్ సంగీతం.

ఈ కథ సంగీతంతో మొదలు కాలేదు. మేము వచ్చిన రెండవ వారంలో నా శ్రీమతి స్నానాల గదిలో కాలు జారి పడింది. తలుపు మూసి ఉంది, లోపల నీళ్ళు పారుతున్నాయి, గాలిపంకా తిరుగుతోంది. నేను పక్క గదిలోనే కూర్చుని చదువుకుంటున్నాను. ఆమె నన్ను పలుమార్లు పిలిచింది. నాకు వినపడలేదు. మేడ మీద ఉన్న మా మనవడు విని, మెట్లు దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "పోనీలెండి, మీరు చదువుకుంటున్నారు కదా" అన్నది. అనకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది. ఎందుకంటే, నా వినికిడి తగ్గుతున్నదని నాకు నాలుగేళ్ళుగా తెలుసు. టీవీ శబ్దం పెంచుతున్నాననీ, ఫోనులో ఆడవారి గొంతు పోల్చుకోలేకపోతున్నాననీ తెలుసు. ఉద్యోగం చేసినంత కాలం, చెవి మిషను పెట్టుకోవడం నామోషీ అనుకునే వృద్ధులను మందలించిన వైద్యుణ్ణి నేను. నా దాకా వచ్చేసరికి నాకూ అదే నామోషీ అడ్డు వచ్చింది.

మరునాడే పరీక్ష చేయించుకున్నాను. వినికిడి పరీక్షలో సాధారణంగా 250 నుండి 8000 హెర్ట్జ్ వరకు శబ్దాలను వినిపిస్తారు. నా గ్రాఫు ఎడమ వైపున, అంటే మంద్ర శబ్దాల దగ్గర, దాదాపు మామూలుగానే ఉంది. 2000 దాటాక కొండ మీద నుండి జారినట్లు కిందికి జారిపోయింది. వయసుతో వచ్చే చెవుడు స్వభావమే ఇది. లోపలి చెవిలో హెచ్చు స్థాయి శబ్దాలను గ్రహించే సూక్ష్మమైన రోమ కణాలు ముందుగా దెబ్బతింటాయి. అచ్చులు వినబడతాయి, స, ష, త, క వంటి హల్లులు జారిపోతాయి. అందుకే వృద్ధులు "వినబడుతున్నది గానీ అర్థం కావడం లేదు" అంటారు. చెవి మిషనుకు కొలతలు ఇచ్చి వచ్చాను. అది చేతికి రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు.

ఆ రెండు వారాలలోనే మనవడు నా ఒళ్ళో బేస్ గిటారు పెట్టాడు. వాడూ, వాడి స్నేహితులూ కలిసి ఒక చిన్న సర్ఫ్ బృందం నడుపుతున్నారు. బేస్ వాయించే కుర్రవాడు చదువుకని వేరే ఊరు వెళ్ళిపోయాడు. "తాతయ్యా, ఇందులో నాలుగే తీగలు, ఊరికే కూర్చునే బదులు నువ్వు పట్టుకో" అన్నాడు. తీగ మీటగానే నేను ఆశ్చర్యపోయాను. అది నాకు స్పష్టంగా వినబడింది! బేస్ గిటారులో అతి మందమైన తీగ పలికేది సుమారు 41 హెర్ట్జ్. దాని పై తీగ 55. నా చెవులలో చెక్కుచెదరకుండా మిగిలినది సరిగ్గా ఆ వైపే.

యువ వైద్యులకు ఒక మాట. స్టెతస్కోపుకు ఒక వైపు డయాఫ్రం, మరొక వైపు బెల్ ఉంటాయి. బెల్‌ను ఛాతీపై తేలికగా ఆనిస్తేనే మైట్రల్ కవాటం సన్నబడిన గుండెలోని ఆ మంద్రమైన గురగుర వినబడుతుంది. కీళ్ళవాత జ్వరం వల్ల కవాటాలు పాడైన పిల్లలు ఎందరో మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చేవారు. ఎకో యంత్రాలు లేని ఆ రోజులలో ఆ శబ్దమే మాకు ఆధారం. కనుక మంద్ర శబ్దాన్ని వెదికి పట్టుకునే అలవాటు నా చెవులకు పాతదే. ఇప్పుడు బెల్‌ను వాడకుండానే ఎకోకు పంపుతున్నారని విన్నాను. అది వేరే వ్యాసం.

సర్ఫ్ సంగీతం గురించి నాకు అప్పటి వరకు ఏమీ తెలియదు. సముద్రపు అలల మీద పలకలతో జారే యువకుల కోసం 1960ల ఆరంభంలో ఈ తీరంలోనే పుట్టింది. 1961లో డిక్ డేల్ అనే గిటారు కళాకారుడు బల్బోవాలోని రాందేవూ బాల్‌రూమ్‌లో వాయిస్తుంటే వేలాదిగా జనం వచ్చేవారట. ఆ భవనం 1966లో కాలిపోయింది. వీరు వాడిన వాద్యాలలో అనేకం ఇక్కడికి దగ్గరలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ తయారు చేసినవి. ఆయన రేడియోలు బాగుచేసే వ్యక్తి, స్వయంగా గిటారు వాయించడం రాదు. 1951లో ఆయన తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు మెడ మీద మెట్లు ఉండడం వలన స్వరం తప్పకుండా పలుకుతుంది. ఆ మెట్లే లేకుంటే నా వంటివాడు ఒక్క రోజు కూడా నిలబడలేడు.

ఈ సంగీతంలో గిటారు ధ్వని తడిసినట్లుంటుంది. స్ప్రింగుల గుండా ధ్వనిని పంపి, నీటి బొట్టు పడినట్లు ప్రతిధ్వనింపజేస్తారు. బేస్ మాత్రం పొడిగా ఉండాలి. నున్నని తీగలు, వేళ్ళకు బదులు పిక్, తీగల చివర అరచేతి అంచును ఆనించి మోతను అణచడం, అంతే. మోగనివ్వకూడదు, దట్టంగా నడవాలి. నేను మొదట నేర్చినది వెంచర్స్ బృందం 1960లో ప్రసిద్ధం చేసిన 'వాక్ డోంట్ రన్'. ఏ, జీ, ఎఫ్, ఈ అని నాలుగు మెట్లు దిగడం. దిగడం సులభమే గానీ, కాలం నిలపడం కష్టం. మెట్రనోమును నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి ప్రారంభించాను. పిల్లలు వాయించేది 150 పైన.

ఇక నా చేతుల సంగతి. నాకు పద్దెనిమిదేళ్ళుగా మధుమేహం ఉంది. దీర్ఘకాలం మధుమేహం ఉన్నవారిలో వేళ్ళ కీళ్ళు బిగుసుకుంటాయి. నమస్కారం పెట్టినప్పుడు రెండు అరచేతులూ పూర్తిగా కలవవు, మధ్యలో సందు కనబడుతుంది. ఈ పరీక్షను రోగులకు ఎన్నోసార్లు చేశాను. నా చేతులు జోడించి చూసుకున్నది మాత్రం ఎడమ చిటికెన వేలు మెట్టు అందుకోలేకపోయిన రోజునే. సందు ఉంది. మామూలు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు. మనవడు ఎవరి దగ్గరో 30 అంగుళాలది అడిగి తెచ్చాడు. మెట్లు దగ్గరయ్యాయి. ప్రాణం లేచివచ్చింది.

అయినా నెల తిరగకుండానే ఎడమ ఉంగరపు వేలు పొద్దున్నే వంగి అక్కడే ఇరుక్కుపోవడం, బలవంతంగా తెరిస్తే టక్కుమనడం మొదలైంది. ట్రిగ్గర్ ఫింగర్ అంటారు, మధుమేహులలో ఎక్కువ. తప్పు నాదే. రెండు గంటలు ఆపకుండా సాధన చేశాను. మూడు వారాలు వాద్యం ముట్టలేదు, రాత్రులు వేలికి చిన్న బద్ద కట్టుకున్నాను. స్టెరాయిడ్ సూది పనిచేస్తుంది గానీ రక్తంలో చక్కెర కొద్దిరోజులు పెరుగుతుంది గనుక తొందరపడలేదు. ఇప్పుడు ఇరవై నిమిషాలు వాయించి, పది నిమిషాలు ఆపుతున్నాను. మీలో ఎవరైనా ఈ వయసులో వీణో, హార్మోనియమో మొదలుపెడితే, వేలు టక్కుమన్న మొదటి రోజే ఆగండి.

రెండవ తప్పు దీనికంటె సిగ్గుచేటు. ఇంట్లో వారికి ఇబ్బంది కలగకూడదని హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం పెంచి వాయించాను. ఒక రాత్రి కుడిచెవిలో కీచురాయి కూత మొదలై రెండు రోజులు పోలేదు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి భరించరాదనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందనీ లెక్క. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంట. మిగిలిన వినికిడిని కూడా నేనే పాడుచేసుకోబోయాను. పిల్లలతో కలిసి వాయించేటప్పుడు చెవి మిషను తీసి, సంగీతకారులు వాడే ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటున్నాను. పిల్లల చేత కూడా పెట్టించాను. వారు నన్ను మొదట వింతగా చూశారు.

చెవి మిషను వచ్చాక తొలిరోజు గిన్నెల చప్పుడుకు తలనొప్పి వచ్చింది. అందరికీ అలాగే ఉంటుంది. మెదడు అలవాటు పడడానికి వారాలు పడుతుంది. సొరుగులో పడేసేవారు ఈ దశలోనే పడేస్తారు. మాటల కోసం సరిచేసిన మిషను సంగీతాన్ని నొక్కేస్తుంది గనుక, సంగీతానికి వేరే అమరిక పెట్టమని అడిగాను, పెట్టారు. చికిత్స చేయని చెవుడు మతిమరుపు వ్యాధికి ముప్పు పెంచే కారణాలలో ఒకటని 2020లో లాన్సెట్ కమిషన్ పేర్కొన్నది. నా భయం కూడా అదే అని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సంకోచం లేదు.

కిందటి నెలలో ఒక సాయంత్రం 'మిసిర్లూ' సాధన చేస్తున్నాము. మధ్యధరా తీరపు పాత బాణీని డిక్ డేల్ 1962లో సర్ఫ్ సంగీతంగా మార్చాడు. గిటారు పైన ఉరకలు వేస్తుంటే బేస్ చాలాసేపు ఒకే స్వరం మీద, తంబురా శ్రుతిలాగా, నిలబడాలి. వంటగదిలో నుండి నా శ్రీమతి వచ్చి గుమ్మంలో నిలబడింది. కట్టు విప్పి అప్పటికి పది రోజులు. "ఇది మాయామాళవగౌళ కాదుటండీ?" అన్నది. చిన్నతనంలో నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నది. సరళీ వరుసలు మొదలయ్యేది ఆ రాగంలోనే. స్వరాలు లెక్కపెట్టి చూస్తే నిజమే: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. మనవడు వాయించడం ఆపి నోరు తెరిచి చూశాడు. "కానీయండి" అని ఆమె కూర్చుని, నొప్పి ఉన్న చేతితోనే నెమ్మదిగా తాళం వేస్తూ స, రి, గ, మ అందుకున్నది. నేను ఈ తీగను మీటుతూ కూర్చున్నాను.

పెళ్ళయిన కొత్తలో ఆమె పాడగా విన్నాను. ఆ తరువాత డ్యూటీలు, బదిలీలు. ఆ సాయంత్రం 'స' అనే అక్షరం మొదట్లో వచ్చే ఆ సన్నని ఊపిరి కూడా నాకు వినబడింది. రెండవ కాలం వరకు వెంట నడిచాను. మూడవ కాలంలో తప్పిపోయాను. "తొందరపడుతున్నారు" అని, మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టింది.