ఒకదాని చోట రెండు

మా పాఠశాల వసతిగృహపు మేడమీద నీళ్ళతొట్టి యొకటి కలదు. అది నిండిన సంగతి, గోడవెంట నీరు కారి ముంగిలి తడిసినప్పుడు గాని మాకు తెలిసెడిది కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు సీమలో నీ రట్లు నేలపాలగుట చూచిన వారి ప్రాణము ఉసూరుమనక మానదు.

గత సంవత్సరము విజ్ఞాన ప్రదర్శనము సమీపించినప్పుడు తొమ్మిదవ తరగతి బాలు డొకడు, "అయ్యా, తొట్టి నిండినతోడనే గంట మ్రోగు యంత్రమును చేసెదను" అనెను. వాని తండ్రి కళ్యాణదుర్గము దిక్కున వేరుసెనగ పండించు రైతు. వారి బోరు ఎండి అప్పటికి రెండేండ్లు. నీటి విలువ వానికి నేను బోధింప నక్కరలేదు.

పుస్తకములోని పటము చిన్నదే. తొట్టి యంచున రెండు తీగెలు వ్రేలాడును. నీరు రెంటిని తాకినప్పుడు వాని నడుమ స్వల్పముగా విద్యుత్తు ప్రవహించును. తీగెలు త్వరగా చెడిపోకుండుటకై 100 కిలో ఓముల నిరోధకము పెట్టినందున, ఆ ప్రవాహము మిల్లీ ఆంపియరులో పదవవంతునకు మించి యెక్కువ కాదు. గంటను నడపు రిలేకు 30 మిల్లీ ఆంపియరులు కావలెను. ఆ యల్పమును అధికము చేయుటకు టి.ఐ.పి.122 అను డార్లింగ్టన్ ట్రాన్సిస్టరును వాడవలెనని వ్రాసియుండెను. పట్టణములో మే మడిగిన అంగళ్ళలో అది దొరకలేదు. బెంగుళూరు ఎస్.పి. రోడ్డునకు పోయిన దొరకును గాని, ప్రదర్శనమునకు మూడు దినములే మిగిలియుండెను.

అప్పుడు నేను తొందరపడితిని. నా పెట్టెలో బి.సి.547 అను చిన్న ట్రాన్సిస్టరు లుండెను. దానికిని మూడు కాళ్ళే, దీనికిని మూడు కాళ్ళే. "దీనినే ఆ రంధ్రములలో పెట్టుము" అంటిని. బాలు డట్లే చేసెను. బ్యాటరీ తగిలించినంతనే, తీగెలు పొడిగానున్నను గంట మ్రోగసాగెను. తరగతిలోని వారందరు నవ్విరి. "టంకము వేయుట చేతగాక రెండు కాళ్ళను కలిపివేసితివి" అని వానిని అందరి యెదుట కసరితిని. వాడు మారు పలుకక పోయి వెనుక బల్లమీద కూర్చుండెను.

సాయంకాలము బడి విడిచిన తరువాత వాడు నాయొద్దకు వచ్చి, "అయ్యా, టంకమును మూడు మారులు చూచితిని. ఎక్కడను కలియలేదు. కాళ్ళ వరుస నొకమారు చూచెదరా?" అని మెల్లగా నడిగెను. చూచితిని. టి.ఐ.పి.122ను ముఖము మనవైపు నిలిపినచో ఎడమనుండి బేసు, కలెక్టరు, ఎమిటరు. బి.సి.547ను చదునైన ముఖము మనవైపు నిలిపినచో కలెక్టరు, బేసు, ఎమిటరు. కావున బేసు కాలు రిలే వైపు రంధ్రములో పడినది. బ్యాటరీలోని విద్యుత్తు రిలే గుండ వచ్చి, బేసులో జొరబడి, ఎమిటరు దారిని పోవుచుండెను. నీటితో పనిలేకయే గంట మ్రోగుట కిదియే కారణము. తప్పు వానిది కాదు, నాది.

కాళ్ళు సరిచేసితిమి. ఇప్పుడు గంట ఊరక మ్రోగుట మానెను గాని, తీగెలను నీట ముంచినను మ్రోగలేదు. మల్టీమీటరుతో కొలువగా దాని వృద్ధి 120 అని తేలెను. పదవవంతు మిల్లీ ఆంపియరును 120 చేత గుణించిన 12 మాత్రమే. ముప్పది కెట్లు చాలును?

అప్పుడు వానికి డార్లింగ్టను కథ చెప్పితిని. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1947లో ట్రాన్సిస్టరు పుట్టెను. అచ్చటనే పనిచేసిన సిడ్నీ డార్లింగ్టన్ అను నతడు, రెండు ట్రాన్సిస్టరులను ఒకే తునకలో జతపరచు ఉపాయమునకు 1953లో పేటెంటు పొందెను. మొదటిది పెంచినదానిని రెండవది మరల పెంచును. "లోపల నున్నవి రెండే యైనచో, బయట రెంటిని మనమే కలుపరాదా?" అని బాలు డడిగెను. నేను చెప్పవలసిన మాటను వాడే చెప్పెను.

రేడియో మరమ్మతు చేయు నొకాయన పాత యాంప్లిఫయరు నుండి ఎస్.ఎల్.100 ట్రాన్సిస్టరు నొకటి తీసి యిచ్చెను. ఈసారి కాళ్ళను ముందుగా చూచితిమి. దాని యంచున నున్న చిన్న కొమ్ము ప్రక్కది ఎమిటరు. కలెక్టరు లోహపు టోపీకి కలిసియుండును గనుక టోపీ వేరొకదానికి తగులరాదు. రెంటి కలెక్టరులను కలిపి, బి.సి.547 ఎమిటరును ఎస్.ఎల్.100 బేసునకు చేర్చితిమి. రెండవదాని వృద్ధి 80. 120ని 80 చేత గుణించిన 9,600. టి.ఐ.పి.122 వృద్ధి కనీసము 1,000 అని చెప్పుదురు. అది 5 ఆంపియరులు మోయగలది. మాకు అంత బలముతో పనిలేదు.

జతలో కొంత నష్టము కలదు. ఒంటి ట్రాన్సిస్టరు 0.6 లేక 0.7 వోల్టునకు మేలుకొనును. జతకు దానికి రెట్టింపు కావలెను. పనిచేయునప్పుడు సుమా రొక వోల్టును తనకే యుంచుకొనును. మా 12 వోల్టుల బ్యాటరీకి అది లెక్కలోనిది కాదు గాని, 3 వోల్టులతో నడపువారు ఆలోచింపవలెను. రిలే చుట్టకు అడ్డముగా డయోడు నొకదానిని ఎదురుదిక్కుగా పెట్టుట మరువరాదు. లేనిచో రిలే ఆగునప్పుడు పుట్టు ఎదురు వోల్టేజి ట్రాన్సిస్టరును చంపును.

తీగెలను గిన్నెలోని నీట ముంచితిమి. గంట మ్రోగెను. పైకి తీసితిమి. ఆగెను.

మరునాడు అదే తరగతిలో, అందరి యెదుటనే, "నిన్నటి తప్పు నాది. వీని టంకము సరిగానే యున్నది" అని చెప్పితిని. చెప్పుటకు ముందు గుండె కొంచెము కొట్టుకొన్నదని దాచనేల? ఈసారి ఎవ్వరును నవ్వలేదు. బాలుడు తల వంచుకొని గిన్నెలో నీరు పోయుచుండెను.

విద్యార్థులారా, ఒకదాని స్థానమున మరియొకదానిని పెట్టవలసివచ్చినప్పుడు కాళ్ళ లెక్క చూచి తృప్తిపడకుడు. వరుస యేది, వృద్ధి యెంత, ఎంత బరువు మోయును, ఎన్ని వోల్టులకు ఓర్చును అని విచారింపుడు. పని చెడినప్పుడు చేసినవాని చేతిని నిందించుటకు ముందు మీరు చెప్పిన మాటను మరల చూచుకొనుడు. ఆ యంత్ర మిప్పుడు మేడమీద నున్నది. తీగెలకు పట్టిన సున్నపు పొరను నెలకొకమారు గీకవలెను. ఆ పని నేనే చేయుచున్నాను.