పాత ప్రతి తెచ్చు చిక్కు

పెద్ద సంసారములో ఉగ్రాణపు తాళములు ఎవరి కొంగున నుండునో వారి మాటయే చెల్లునని సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. కంప్యూటర్లు పెక్కు గల కార్యాలయములో ఆ పెద్దరికము డొమైన్ కంట్రోలర్ అను సర్వరుది. ఉద్యోగిని తన పేరును, పాస్‌వర్డును టైపు చేయగనే, ఈమె మన మనిషియే యనియు, ఈమె ఏయే కాగితములు చూడవచ్చుననియు తీర్పు చెప్పునది అదియే. 2000వ సంవత్సరమున విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ యను ఏర్పాటు వచ్చినది. నాటినుండి ఇట్టి సర్వర్లు రెండో మూడో ఇంచుమించు సమానాధికారముతో నుండి, ఒకదానిలోని మార్పులను మరియొకటి తెలిసికొనుచుండును.

నేనొక ఆసుపత్రిలో ఈ యంత్రములను కనిపెట్టియుండు దానను. అచ్చట కంట్రోలర్లు రెండు. వానిలో నొకదాని డిస్కు నిండవచ్చినది. మరమ్మతులకు వచ్చు యువకుడు, "మేడమ్, పోయిన నెల తీసిన ఇమేజి నా వద్ద నున్నది. దానిని పెద్ద డిస్కులో దింపి తగిలించెదను. గంటలో పని తీరును" అనెను. ఇమేజి యనగా డిస్కులోని సమస్తమునకును అచ్చు దింపినట్టి ప్రతి. అతని మాట సబబుగనే తోచును గాని, నేను వలదంటిని. అందుకు కారణము ఒక పోలికతో చెప్పెదను.

రాజమండ్రిలో అక్కయు, నెల్లూరిలో చెల్లెలును ప్రతి యుత్తరమునకు వరుస అంకె వేసి వ్రాసికొనుచున్నారనుకొనుడు. చెల్లెలు 100వ యుత్తరము వరకు చదివి, ఇక 101 మొదలు చూచెదనని గుర్తు పెట్టుకొన్నది. అంతలో అక్క లెక్క పుస్తకము పాడైనది. ఆమె 80వ యుత్తరము నాటి నకలు పుస్తకమును దీసి, మరల 81 అని అంకె వేసి కొత్త వార్తలు వ్రాయసాగినది. చెల్లెలు కవరుమీది అంకె చూచి, ఇవి చదివినవే గదా యని విప్పకయే ప్రక్కన బెట్టును. ఇరువది యుత్తరములు అట్లే పోవును. తమ నడుమ సంగతులన్నియు తెలియుచున్నవనియే ఇరువురును నమ్ముచుందురు.

కంట్రోలర్లలో ఈ వరుస అంకెకు యూఎస్ఎన్ అని పేరు. పాత ఇమేజివలన అది వెనుకకు పోవుటను యూఎస్ఎన్ రోల్‌బ్యాక్ అందురు. సర్వరు దీనిని పసిగట్టినచో 2095 అను సంఖ్యతో హెచ్చరిక వ్రాసి, ఇచ్చిపుచ్చుకొనుట నిలిపివేయును. పసిగట్టనిచో లోపము చడిచప్పుడు లేకుండ పెరుగును. పని మానిన మనిషి పేరు ఒక సర్వరులో కొట్టివేయబడియు, రెండవ దానిలో చెల్లుచునే యుండవచ్చును. రాత్రి విధికి వచ్చిన నర్సుకు కొత్త పాస్‌వర్డు ఒకచోట పనిచేసి, మరియొకచోట పనిచేయకపోవచ్చును. రోగి మందుల చీటీ తెరవవలసిన వేళ అది చిన్న సంగతి కాదు.

కావున దోషము ప్రతి తీయుటలో లేదు. మూలము నడచి ముందుకు పోయిన పిమ్మట పాత ప్రతిని మేలుకొలుపుటలో నున్నది. ఈ యొక్క మాట గుర్తుండిన చాలును.

ఆదివారము రాత్రి మేము చేసిన పని యిది. రెండు సర్వర్లకును పొత్తు సరిగా నున్నదని మొదట పరీక్షించితిమి. వానిలో నొక్కదానికే చెందియుండు అయిదు ప్రత్యేకాధికారములను రెండవ సర్వరునకు మార్చితిమి. విండోస్ వారి సాధనముతోనే సిస్టమ్ స్టేట్ బ్యాకప్ తీసి వేరుచోట నుంచితిమి. ఆ మార్గమున తిరిగి నిలిపిన సర్వరు కొత్త గుర్తింపుతో లేచును. అక్క తన పాత వరుస ముగిసినదనియు, ఇది కొత్త వరుస యనియు ముందే తెలిపినట్లు. అట్టి బ్యాకప్‌నకును గడువు గలదు. కొట్టివేసిన పేర్ల గుర్తులు సాధారణముగ 180 దినములు, పాత ఏర్పాట్లలో 60 దినములు నిలుచును. అంతకు మించిన బ్యాకప్ పనికిరాదు.

తరువాత సర్వరును పూర్తిగ ఆపి, అది నిద్రించుచుండగనే ఇమేజి తీసి పెద్ద డిస్కులో దింపితిమి. నడుమ అది ఒక్క యుత్తరమైనను వ్రాయలేదు గనుక దాని అంకె ఉన్నచోటనే యున్నది. పాత డిస్కును ఊడదీసి, "నెట్‌వర్కునకు తగిలింపరాదు" అని చీటీ అంటించి బీరువాలో పెట్టితిమి. మూలమును ప్రతియు ఒకేమారు మేలుకొనుట యెంత మాత్రము కూడదు.

ఇక పెద్ద డిస్కులో మిగిలిన ఖాళీని సీ డ్రైవునకు కలుపవలెను. ఆ ఖాళీ దానికి కుడివైపున ఆనుకొని యుండిననే విండోస్ కలుపును. మాకు నడుమ రికవరీ పార్టిషను అడ్డుపడినది. రెండు గదుల నడుమ కొట్టుగది యుండగా ఒక గోడ తీసిన లాభమేమి? రికవరీ యేర్పాటును ముందు ఆపి, ఆ భాగమును తొలగించి, సీ డ్రైవును పెంచి, చివర దానికి మరల చోటు విడిచితిమి.

2017 జూన్ నెలలో నాట్‌పెట్యా యను విషప్రోగ్రాము మేర్స్క్ నౌకాసంస్థ కంట్రోలర్లను తుడిచివేయగా, ఘానా దేశమున కరెంటు పోయి ఆగియున్న యొక్కటి మాత్రమే మిగిలినది. సంస్థ దానినుండియే తన యేర్పాటును తిరిగి నిలుపుకొన్నది. అచ్చట ముందుకు నడచిన తోబుట్టువు వేరొకటి బ్రదికి లేదు గనుక నిద్రించినదే ప్రాణదాత యయ్యెను. మా యింట తోబుట్టువు మెలకువతో నున్నది. అందుచేతనే అంత జాగ్రత్త.

సర్వరును తిరిగి లేపిన పిమ్మట ఒక సర్వరులో ఒక పేరును, రెండవ దానిలో మరియొక పేరును పరీక్షార్థము చేర్చితిమి. కొంతసేపటికి రెండు పేర్లును రెండుచోట్లను కనబడినవి. డిస్కు పెరిగినందుకంటె, ఉత్తరములు చేరుచున్నందుకే నాకెక్కువ నిశ్చింత కలిగినది.