నాన్న కారు, నా 12.9 బోల్టు

డిసెంబరు పొద్దున పెద్ద అంబర్‌పేట్‌లో చలి గట్టిగానే ఉంటుంది. నాన్న తన మారుతి 800 స్టార్ట్ చేయగానే బానెట్ కింద టక్ టక్ టక్ అని చప్పుడు. అచ్చం కుట్టుమిషన్ నడిచినట్టు. "ఏం కాదురా, చల్లగున్నప్పుడు అట్లనే అంటది. వేడెక్కినంక బందైతది" అనేవాడు. నిజంగానే బందయ్యేది. అందుకే ఎవరం పట్టించుకోలేదు.

అది 2005 మోడల్. ఆ కారు తయారీనే 2014లో ఆపేశారు. నాన్న మాత్రం 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించి మరీ ఉంచుకున్నాడు. వారానికి రెండుసార్లు చౌటుప్పల్ అవతల పొలానికి అందులోనే వెళ్తాడు, చలికి అద్దాలన్నీ ఎత్తుకుని. ఈ మధ్య ఇంటికొచ్చాక తలనొప్పి అంటుంటే బీపీ అనుకున్నాం.

ఒక ఆదివారం బానెట్ ఎత్తి చూశా. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ఒక కొసన నల్లటి మసి చార. సిలిండర్ల పొగనంతా పోగేసి సైలెన్సర్ గొట్టంలోకి పంపే పోత ఇనుము భాగం అది. కొసనున్న నట్టు లేదు, స్టడ్ తుప్పు పట్టి వదులైంది. పొగ అక్కడి నుంచే లీక్ అవుతోంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగుండదు, వాసనుండదు. అద్దాలు మూసిన కారులోకి చేరితే మొదట వచ్చేది తలనొప్పే. నాన్న తలనొప్పికి కారణం అదేనని నేను నిరూపించలేను. కానీ ఆ రోజు నాకు భయమేసింది.

భయంలో ఇంజినీర్ చేసే పనే చేశా. రాణిగంజ్ వెళ్లి, ఉన్నవాటిలో గట్టి బోల్టు అడిగా. బోల్టు తలమీద 8.8, 10.9, 12.9 అని అంకెలుంటాయి. మొదటి అంకెను వందతో గుణిస్తే అది ఎన్ని మెగాపాస్కల్స్ లాగుడుకు తెగుతుందో సుమారుగా తెలుస్తుంది. పెద్ద వెర్షన్ నంబరంటే మంచిదే కదా అనుకునే జబ్బు మనకుంది. 12.9 తెచ్చా. టార్క్ చార్టులో 8 మిల్లీమీటర్ల 12.9 బోల్టుకు దాదాపు 40 న్యూటన్ మీటర్లని ఉంది. సరిగ్గా అంతే బిగించబోయా. చివర్లో రెంచ్ ఒక్కసారిగా తేలికైపోయింది. బోల్టుకేం కాలేదు. దాని మరలకు చుట్టుకుని వెండి రంగు తీగలా ఏదో బయటికొచ్చింది.

అది ఇంజిన్ హెడ్‌లో ఉండాల్సిన మర.

కారును మెల్లగా ఆటోనగర్‌కు తీసుకెళ్లా. మెకానిక్ అన్న ఆ బోల్టును అటూ ఇటూ తిప్పి చూసి, "తమ్మీ, హెడ్ అల్యూమినియం కదా. దీన్ని లారీకి పెట్టుకోరాదు?" అన్నాడు. నవ్వాడు కూడా. నేను నవ్వలేదు.

హెడ్ మొత్తం మార్చాలేమో అని నా గుండె దడ. అవసరం లేదన్నాడు. పోయిన రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మర తీసి, అందులో హెలికాయిల్ ఎక్కించాడు. స్ప్రింగులా చుట్టిన తీగ అది, దాని లోపలి వైపే కొత్త మర అవుతుంది. ఆ పని చేస్తూనే నాకు క్లాసు పీకాడు. నాలుగేళ్ల బీటెక్‌లో ఎవరూ ఇలా చెప్పలేదు (మెకానికల్ వాళ్లకు చెప్పి ఉంటారేమో, నాది సీఎస్ఈ).

మ్యానిఫోల్డ్ కదలని వస్తువు కాదట. ఇంజిన్ నడిచిన ప్రతిసారీ కాగి సాగుతుంది, ఆపితే ముడుచుకుంటుంది. హెడ్‌కు నీళ్ల కూలింగ్ ఉంది కాబట్టి అది అంత కాగదు. ఈ లాగుడంతా ఎక్కువగా కొసనున్న స్టడ్ల మీదే పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచే టక్ టక్. వేడెక్కితే లోహం సాగి సందు మూసుకుంటుంది, చప్పుడు ఆగుతుంది. నాన్న 'బందైతది' అన్నది ఇదే.

"మరి స్టీల్‌వి వేస్తే? తుప్పు పట్టవు కదా" అన్నా. స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ స్టడ్ మీద ఒకదాన్నొకటి కరుచుకుంటాయట. తర్వాత విప్పబోతే విరగడమే. నైలాన్ రింగున్న లాక్ నట్టయితే ఆ వేడికి కరిగిపోతుంది. జింకు పూత కూడా ఎక్కువ రోజులు నిలవదు.

చివరికి అతను వేసింది పాత స్టడ్‌కు సరిపోయే 8.8 రకం మామూలు ఉక్కు స్టడ్, రాగి పూత నట్టు. రాగి మెత్తన, పట్టుకుపోదు. రేపు ఎప్పుడైనా విప్పాల్సొస్తే నట్టే తిరుగుతుంది, స్టడ్ హెడ్‌లోనే ఉంటుంది. అంటే హెడ్ మర అరగదు. అసలు బోల్టుకు బదులు స్టడ్ పెట్టేదే అందుకని అప్పుడు తెలిసింది. ప్యాకింగ్ కూడా కొత్తది వేశాడు. రెంచ్‌తో మధ్య నుంచి కొసలకు, రెండు మూడు దఫాలుగా, నేను వాడిన దాంట్లో సగం టార్క్‌తో బిగించాడు.

హెలికాయిల్‌కు, లేబర్‌కు అయిన డబ్బు నేనే ఇచ్చా. నట్టయితే టీ ఖర్చంత.

"వారం నడిచినంక బండి పూర్తిగా చల్లారనిచ్చి, నట్లు ఒక్కసారి చూస్కో" అని పంపాడు. మర్నాడు పొద్దున నాన్న తాళం తిప్పాడు. నేను గేటు దగ్గర చెవి పెట్టి నిలబడ్డా. చప్పుడు లేదు. "చెప్పిన కద, ఏం కాదని" అంటూ అద్దం ఎత్తుకుని పొలానికి వెళ్లిపోయాడు. ఆదివారం నాడు పానా పట్టుకుని చూస్తే ఒక నట్టు పావు తిరుగుడు తీసుకుంది.