నాచారంలో ఒక లంగ్‌ఫిష్

తొట్టి మూత మీద రెండు ఇనుప షాఫ్టు ముక్కలు అడ్డంగా పెట్టి ఉన్నాయి. నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ల షెడ్డు నడిపే అన్నకు అలాంటి ముక్కలకు కొదవ లేదు. "ఉత్త గాజు మూత అయితే రాత్రికి రాత్రి లేపుతది తమ్మీ. పొద్దుగాల సోఫా కింద వెతుక్కోవాలె" అన్నాడు. ఎత్తుకెళ్లడానికి ఎవరో వస్తారని కాదు, లోపలిది బయటికి రాకూడదని ఆ బరువు.

లోపలిది ఆఫ్రికా లంగ్‌ఫిష్. శాస్త్రజ్ఞులు ప్రోటోప్టెరస్ అనెక్టెన్స్ అంటారు. బూడిద రంగు ఒళ్లు, దాని మీద నల్లటి మచ్చలు, మూరన్నర పొడవు. నాలుగు రెక్కలూ రెక్కల్లా లేవు, దారాల్లా వేలాడుతున్నాయి. వెనక రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఇసుక మీద ఆనిస్తూ అది కదులుతుంటే, ఈదుతోందనడానికి నోరు రాలేదు. ఈ జాతి చేప వెనక రెక్కలతో నేలను తన్నుకుంటూ నడుస్తుందని షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో వీడియోలు తీసి మరీ చూపించారు. అన్న ఆ పేపరు చదవలేదు. "నడుస్తది" అని మాత్రం మొదటి నెలలోనే ఇంట్లో అందరికీ చెప్పాడట.

తొట్టి పొడవు ఐదడుగులు, వెడల్పు రెండడుగులు. నీళ్లు మాత్రం అడుగున్నర లోతే. ఇంత డబ్బు పోసి చేయించి నిండా నింపలేదేమిటని అడిగాను. నేను అడిగిన వాటిలో పనికొచ్చిన ప్రశ్న ఇదొక్కటేనేమో, ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఈ చేపకు మొప్పలున్నా, పెద్దయ్యాక వాటితో బతకలేదు. కావలసిన ప్రాణవాయువులో చాలా భాగం ఊపిరితిత్తులతోనే తీసుకోవాలి. పైకి వచ్చి గాలి పీల్చే వీలు లేకపోతే నీళ్లలోనే మునిగి చస్తుంది. అందుకే నీళ్లు తక్కువ, మూతకూ నీటికీ మధ్య జానెడు ఖాళీ. మన కొర్రమీనూ పైకొచ్చి గాలి మింగుతుంది కానీ, దానికున్నది మొప్పల పైన చిన్న గది. దీనికున్నవి అచ్చమైన ఊపిరితిత్తులు, రెండు. మేం మాట్లాడుతుండగానే అది తీరిగ్గా పైకి లేచి, మూతి బయటపెట్టి, చప్పరించినట్టు చిన్న చప్పుడు చేసి మళ్లీ దిగిపోయింది. వదిన వంటింట్లోంచే "పీల్చిందా?" అని అడిగింది. ఆమెకు ఆ చప్పుడు గోడ గడియారం గంటలాంటిది.

నేను వెళ్లింది ఆదివారం, తిండి పెట్టే రోజు. ఆదివారం ఒకసారి, గురువారం ఒకసారి, అంతే. పిల్లగా ఉన్నప్పుడు రోజూ పెట్టేవారట. అప్పుడు దాని తల పక్కన ఈకల్లాంటి బయటి మొప్పలు కూడా ఉండేవని ఫోన్లో ఫొటో చూపించాడు. ఇప్పుడు రోజూ పెడితే కొవ్వు పట్టి పోతుంది. "తమ్మీ, పెట్టుడు ఎవరైనా నేర్చుకుంటరు. పెట్టకుండ ఉండుడే కష్టం. పిల్లలు అద్దం కాడికి పోతే అది గూడ వస్తది. ఆకలైతుందని వీళ్లకు జాలి." చుట్టాలు వచ్చిన రోజైతే వదిన తొట్టి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుందట. ఎవరూ బిస్కెట్ ముక్క వేయకుండా కాపలా.

రాంనగర్ చేపల మార్కెట్ నుంచి తెచ్చిన రొయ్యలు పళ్లెంలో ఉన్నాయి. వాటి పక్కనే నత్తలు, పెరట్లో ఎరువుల గుంతలోంచి తీసిన వానపాములు. గోల్డ్‌ఫిష్ పిల్లల్ని ప్రాణంతో వేసి వీడియోలు తీసుకునేవాళ్లంటే అన్నకు చిరాకు. వాటితో రోగాలు వస్తాయి. పైగా గోల్డ్‌ఫిష్ ఒంట్లోని థయామినేజ్ అనే పదార్థం బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, అదే పనిగా పెడితే చేపకు నరాల జబ్బు పట్టుకుంటుంది. కోడి కాలేయం, మటన్ ముక్కలు కూడా ఆ ఇంట్లో నిషేధం.

చేత్తో వేయబోయాను. అన్న నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఈ చేప నోట్లో విడివిడి పళ్లుండవు, గట్లు తేలిన పలకలుంటాయి. నత్త గుల్లను పిండి చేసే పలకలకు వేలొక లెక్క కాదు. పైగా దానికి చూపు ఆనదు, వాసనే ఆధారం. రొయ్య వాసన అంటిన వేలును రొయ్య అనే అనుకుంటుంది. అందుకని అడుగున్నర పొడవు స్టీలు పటకారు, అదీ షెడ్డులో ఆయన చేసుకున్నదే.

రొయ్యను మూతికి ఎదురుగా పట్టుకుంటే కాసేపు పట్టించుకోలేదు. తర్వాత ఒక్క గుటకతో లోపలికి లాగేసింది. అయిపోయిందనుకున్నాను. నమిలి, నలిగిన రొయ్యను నోటి బయటికి తోసి, మళ్లీ లోపలికి పీల్చి, మళ్లీ నమిలి, మళ్లీ తోసింది. ప్రతిసారీ అది ఇంకాస్త నలిగి, చివరికి ముద్దయ్యాక కడుపులోకి పోయింది. చూడ్డానికి అందమైన దృశ్యమేమీ కాదు. నాకైతే చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. నత్త వంతు వచ్చినప్పుడు గుల్ల పగిలిన చప్పుడు అద్దం ఇవతలికి వినిపించింది. నాలుగు రొయ్యలు, ఒక నత్త, రెండు వానపాములు. అన్న పళ్లెం లోపలికి పంపేశాడు. మిగిలిన తునకల్ని సన్నని గొట్టంతో లాగేశాడు, కుళ్లితే నీళ్లు పాడవుతాయని.

తొట్టిలో ఇంకో చేప లేదు. పెడితే దాన్ని తినేస్తుంది, తన జాతిదే అయినా కొరికేస్తుంది. దీని తోక చివర కొంచెం పాలిపోయి ఉంది. దుకాణంలో ఇంకొకటి కొరికితే మళ్లీ మొలిచిందట. కింద సన్నని ఇసుక, ఒక మట్టి గొట్టం, అంతే. గులకరాళ్లు వేస్తే మింగొచ్చు. చలికాలానికి హీటర్ ఉంది కానీ చుట్టూ ప్లాస్టిక్ జాలీ కట్టి ఉంది. ఇది వెచ్చదనానికి హీటర్‌ను ఆనుకుని పడుకుని, కాలుతున్నా కదలదట.

మా మాటల మధ్య మేనల్లుడొకడు వచ్చి, నీళ్లు తీసేసి బురద పోస్తే నిద్రపోతుందట కదా, చూపించమన్నాడు. అది నిజమే. చెరువు ఎండినప్పుడు ఈ చేప బురదలోకి తొలుచుకుపోయి, ఒంటి జిగురుతో చుట్టూ ఒక పొర కట్టుకుని, మూతి దగ్గర మాత్రం గాలికి దారి ఉంచుకుని నెలల తరబడి పడి ఉంటుంది. ఆ కాలంలో విషమైన అమ్మోనియాను యూరియాగా మార్చి ఒంట్లోనే దాచుకుంటుంది, ఆకలికి సొంత కండనే కరిగించుకుంటుంది. న్యూయార్క్ శరీరశాస్త్రవేత్త హోమర్ స్మిత్ మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి ఆఫ్రికా లంగ్‌ఫిష్‌ల మీద పరిశోధన చేసి, వాటి మీద 1932లో ఒక నవల కూడా రాశాడు. అన్న ఇవేమీ చెప్పలేదు. "నీకు అన్నం బంద్ వెట్టి తమాషా చూడాల్నారా?" అన్నాడు.

ఇది మనకు మరీ పరాయి చేపేం కాదని ఆయనకు చెప్పే అవకాశం నాకు అప్పుడు దొరికింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత-గోదావరి లోయలో మాలేరి అనే ఊరుంది. అక్కడి ఎర్రమట్టి పొరల్లో దొరికిన లంగ్‌ఫిష్ పంటి పలకల్ని 1859లోనే భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ వర్ణించాడు. సెరటోడస్ అని వాటి పేరు. ఇరవై రెండు కోట్ల సంవత్సరాలకు పైబడిన ఆ పొరలు డైనోసార్ల తొలి రోజులనాటివి. ఆ పలకల మీద కూడా ఇలాంటి గట్లే. ఫొటో చూపిస్తే ఆయన చేపను కాసేపు మరిచిపోయాడు. "ఆదిలాబాద్‌లనా?" అని మూడుసార్లు అడిగాడు. నత్తలు దొరికేవా అన్నది నాలుగో ప్రశ్న.

వయసు సంగతి నేను ఎత్తలేదు, వదినే ఎత్తింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియంలో మెతూసెలా అనే ఆస్ట్రేలియా లంగ్‌ఫిష్ 1938లో ఓడ దిగింది. 2023లో డీఎన్ఏ చూసి దాని వయసు సుమారు 92 ఏళ్లు ఉండొచ్చని లెక్కగట్టారు. అంజీర పళ్లంటే దానికి ప్రాణం, అదీ తాజావైతేనే. షికాగో షెడ్ అక్వేరియంలో 1933 నుంచి ఉన్న గ్రాండ్‌డాడ్ 2017లో పోయింది. ఈ ఆఫ్రికా జాతి అన్నేళ్లు బతకకపోయినా, దశాబ్దాల లెక్క తప్పదు. "మాకు అరవై దగ్గర పడ్డయి. అమ్మాయి బెంగళూరుల ఉంటది. తొట్టి ఆమె లిఫ్టుల పట్టదు" అంది వదిన. ఇద్దరూ ఈ విషయం చాలాసార్లు మాట్లాడుకున్నారని గొంతుల్లోనే తెలిసింది.

పెద్దవైపోయిన చేపల్ని సాగనంపలేక చెరువులో వదిలేసేవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం లేరు. తొట్టెల్లోంచి అలా బయటపడ్డ సక్కర్ క్యాట్‌ఫిష్ ఇప్పుడు రెండు రాష్ట్రాల జాలర్ల వలల్ని చింపుతోంది. పెంపకానికని తెచ్చిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను నిషేధించినా ఇంకా పట్టుబడుతూనే ఉంది. అందుకని అన్న ముందే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. షెడ్డులో పనిచేసే కుర్రాడికి నెల నెలా ఒక ఆదివారం పటకారు ఇస్తాడు. పక్కన నిలబడి చూస్తాడు. నాలుగో రొయ్య దగ్గర ఆపాడా లేదా అన్నదే పరీక్ష. పోయిన నెల ఆరు పెట్టాడట, ఇంకొన్నాళ్లు చూడాలన్నాడు.