ద్వీపంలో నీళ్ళ తొట్టి

అండమాన్ అనగానే మనలో చాలామందికి స్ఫురించేవి రెండే విషయాలు. ఒకటి కాలాపానీ, రెండవది సెల్యులార్ జైలు. 2014లో ఉద్యోగరీత్యా నాకు పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ ఉత్తర్వులు అందిన రోజున బంధుమిత్రుల పరామర్శలు కూడా ఆ ధోరణిలోనే సాగాయి. "శిక్షా? పదోన్నతా?" అని అడిగిన వారు కూడా లేకపోలేదు. మూడేళ్ళు అక్కడ ఉండి తిరిగి వచ్చిన తరువాత నన్ను ఎవరైనా అండమాన్ గురించి అడిగితే సముద్రాన్ని గురించి గాని, పగడపు దిబ్బల గురించి గాని చెప్పాలని నాకు తోచదు. ఒక చిన్న స్నానాల గది, అందులో అమర్చదలచుకున్న ఒక తొట్టి గుర్తుకు వస్తాయి. ఆ ముచ్చటనే మన పత్రిక పాఠకులతో పంచుకోదలచాను.

విశాఖపట్నం నుండి సుమారు 1200 కిలోమీటర్ల సముద్ర ప్రయాణం చేసి మేము ఆ తీరం చేరుకున్నాము. నేను, నా శ్రీమతి, పాఠశాలలో చదివే మా అబ్బాయి, డెబ్బై ఏళ్ళు దాటిన మా అమ్మ. అమ్మ శ్రీకాకుళం పక్కన నాగావళి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. నాన్నగారు పోయిన తరువాత ఒంటరిగా ఊళ్ళో ఉంచలేక వెంట తీసుకొని వెళ్ళాను. పరాయిచోట ఎలా కాలక్షేపం చేస్తుందో అన్న నా బెంగ మొదటి వారంలోనే తీరిపోయింది. బజారులో, రేవులో, గుడిలో, ఎక్కడ చూసినా తెలుగే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వారిలో అధికులు మన ఉత్తర కోస్తా జిల్లాల నుండి తరలి వెళ్ళినవారే.

అమ్మకు చిరకాలంగా నడుము నొప్పి. సముద్రపు తేమ వల్లనో, ఓడ ప్రయాణం బడలిక వల్లనో, వెళ్ళిన కొద్ది నెలలకే ఆ బాధ మరింత ముదిరింది. ఉదయం మంచం మీద నుండి లేవడానికి ఇద్దరి ఆసరా కావలసి వచ్చేది. "నన్ను మన ఊరు పంపించేయి నాయనా" అని మొదలు పెట్టింది. ఊరు పంపితే చూసుకొనేవారు లేరు. ఉంచుకుంటే ఆమె బాధ చూడలేము. మందులతో పాటు రోజూ ఒక పావుగంట గోరువెచ్చని నీటిలో నడుము మునిగేలా కూర్చుంటే ఉపశమనం కలుగవచ్చునని వైద్యులు సలహా ఇచ్చారు. ఆ మాట వినగానే నా మనసులో బాత్ టబ్ మెదిలింది. సినిమాలలో తప్ప మా వంశంలో ఎవరూ ఎరుగని వస్తువు అది.

మాకు కేటాయించిన క్వార్టరు మొదటి అంతస్తులో ఉన్నది. స్నానాల గది ఐదు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు. బజారులో విచారించగా తొట్టెలలో పెద్దవి సాధారణంగా 1700 మిల్లీమీటర్ల పొడవు, 700 వెడల్పు ఉంటాయనీ, చిన్న గదులకు 1500 పొడవుగలవి, ఇంకా ఇరుకైతే 1200 పొడవుగలవి తెప్పించవచ్చుననీ తెలిసింది. ఐదడుగులంటే 1524 మిల్లీమీటర్లు. 1500 తొట్టి సరిగ్గా సరిపోతుందని సంబరపడ్డాను. మా సివిల్ విభాగపు మిత్రుడు వచ్చి నా సంబరాన్ని ఒక్క నిమిషంలో దించివేశాడు. "మీరు కొలిచింది ఎక్కడ? గోడకు పలకలు లేని పైభాగాన. కింద ఇరువైపులా పలకలు, వాటి వెనుక సిమెంటు కలిపి నలభై మిల్లీమీటర్లు తినివేశాయి. మిగిలింది 1484" అన్నాడు.

అతడు అంతటితో ఆగలేదు. తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? తొట్టిని అడ్డంగా తిప్పి మెట్ల మలుపులో పైకి ఎక్కించగలమా? నీరు పోయే రంధ్రం ఏ వైపున ఉన్నది? నేల వాలు ఏ వైపునకు? ఇలా ఒక్కొక్కటే అడుగుతూ కాగితం మీద బొమ్మ గీశాడు. తరువాత బరువు సంగతి ఎత్తాడు. ఇళ్ళలో స్నానాల గది నేలకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకొని కడతారట. ఎనామిలు పూత పూసిన పోత ఇనుప తొట్టి స్వయంగానే బరువు. నీరు, మనిషి కలిస్తే ఇక చెప్పనక్కరలేదు. పైగా అండమాన్ దీవులు దేశంలో భూకంప ప్రమాదం మిక్కిలి ఎక్కువగా ఉన్న ఐదవ మండలంలో ఉన్నాయి. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపాన్నీ, సునామీనీ కళ్ళారా చూసిన వారు అక్కడ మేడ మీద బరువు పెంచే మాటను తేలికగా తీసుకోరు. ఇనుము వద్దు, ఉప్పుగాలికి పూత ఎక్కడ పెచ్చు లేచినా అక్కడ తుప్పు ప్రారంభమవుతుంది, పెడితే తేలికైన అక్రిలిక్ తొట్టి పెట్టండి అని తీర్పు చెప్పాడు.

సరే, 1200 మిల్లీమీటర్ల అక్రిలిక్ తొట్టి అని నిశ్చయించుకున్నాను. పొడవు తక్కువైనా లోతు ఎక్కువ, కాళ్ళు ముడుచుకొని కూర్చోవచ్చును. జపాను దేశీయులు ఇళ్ళలో వాడేది కూడా పొట్టిగా, లోతుగా ఉండే తొట్టే. వారు ముందుగా బయట ఒళ్ళు శుభ్రంగా కడుక్కొని, తరువాతనే తొట్టిలో దిగుతారు. అందుచేత ఆ నీరు మురికి కాక, ఇంటిల్లిపాదీ ఒకరి తరువాత ఒకరు అదే నీటిలో కూర్చుంటారు. ఇరుకు ఇళ్ళలో బతకనేర్చినవారి తెలివి అది. ఈ ఏర్పాటు గురించి నేను ఇంట్లో ఉపన్యాసం ఇస్తుండగా అమ్మ మాత్రం, "అడుగున్నర గట్టు దాటి అందులోకి నేను దిగేదెలా నాయనా?" అని అడిగింది. గోడకు పిడి బిగిస్తామన్నాను. ఆమె మరి మాట్లాడలేదు.

ఫిబ్రవరి వచ్చింది. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. మే నెల నుండి డిసెంబరు వరకు రెండు ఋతుపవనాలూ తడుపుతూనే ఉంటాయి. ఇంత వాన పడే చోట నీటికి కరువేమిటని కొత్తవారు ఆశ్చర్యపోతారు. కాని అవి ఏటవాలు కొండలు, చిన్న చిన్న వాగులు. పడిన నీరు పడినట్లే సముద్రంలో కలిసిపోతుంది. నిలువ చేసుకొన్నదే మిగులు. పట్టణానికి ప్రధానాధారం ధనీఖారీ వాగు మీద కట్టిన ఆనకట్ట. జనవరి నుండి ఏప్రిల్ వరకు ఆ జలాశయం తగ్గుతూ వస్తుంటే కుళాయిలు రోజు విడిచి రోజు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎడంగా వస్తాయి.

మా భవనంలో నాలుగు కుటుంబాలకు కలిపి మేడ మీద ఒకే ట్యాంకు, దాని పరిమాణం 2000 లీటర్లు. రోజు విడిచి రోజు నిండుతుందనుకుంటే ఇంటికి రోజుకు 250 లీటర్లు, మా నలుగురిలో మనిషికి అరవై పైచిలుకు. నేను ఎంచుకొన్న తొట్టిలో అమ్మ నడుము మునగాలంటే తక్కువలో తక్కువ 120 లీటర్లు కావాలి. అంటే మా ఇంటి వంతులో సగం. కాచడం మరొక సమస్య. గోడకున్న గీజరు 15 లీటర్లది. 120 లీటర్లను గోరువెచ్చగా చేయడానికి సుమారు ఒకటిన్నర యూనిట్ల విద్యుత్తు పడుతుంది. ఆ దీవులలో విద్యుత్తు అధికభాగం డీజిలుతో తయారవుతున్నదే. ఆ డీజిలు కూడా మనలాగే ఓడలో వెళ్ళవలసిందే. లెక్క వేస్తే ఒక్క స్నానానికి అర లీటరుకు దగ్గరగా తేలింది.

ఈ లెక్కలన్నీ కాగితం మీదనే ఉన్నాయి. అమ్మ వాటిని కళ్ళతో చూసింది. మా వీధి చివర పంపు దగ్గర తెల్లవారకముందే బిందెల వరుస మొదలయ్యేది. అందులో నిలుచునేవారిలో చేపలు అమ్ముకొనే ఒక ఇల్లాలు అమ్మకు స్నేహమయింది. ఆమెది కూడా శ్రీకాకుళం వైపే. ఒకనాడు మెట్ల మీద కూర్చొని, "మా వంతు వచ్చేతలికి పంపు ఆగిపోతాది పిన్నమ్మా, మూడు బిందెలతో రెండు రోజులు గడపాల" అన్నది. ఆ సాయంత్రం అమ్మ నాతో, "ఇంట్లో ఒక ముసలిదానికి తొట్టెడు నీళ్ళు పోసి, వీధిలో ఖాళీ బిందెలు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. ఆ తొట్టి మాట మరచిపో" అన్నది. "మరి నీ నడుము?" అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకొన్నది.

ఆ తరువాతి ఆదివారం ఆమె మనసు మళ్ళించాలని రాస్ దీవికి తీసుకొని వెళ్ళాము. 2018 నుండి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. పట్టణం నుండి పడవలో కొద్ది నిమిషాల ప్రయాణం. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో అండమాన్ చేరిన తరువాత, ఎన్నో దశాబ్దాల పాటు ఆంగ్లేయుల పాలనా కేంద్రం ఆ చిన్న దీవే. చీఫ్ కమిషనరు నివాసం, చర్చి, రొట్టెల భట్టీ, నాట్యశాల, ఈత కొలను, అన్నీ ఉండేవి. 1941 జూన్‌లో వచ్చిన భూకంపం, 1942లో జపాను ఆక్రమణ ఆ వైభవాన్ని ముగించాయి. ఇప్పుడు గోడలను మర్రి ఊడలు పెనవేసుకొని ఉన్నాయి. వాటి నడుమ చుక్కల జింకలు, నెమళ్ళు తిరుగుతున్నాయి.

ఒకచోట నీటిని బట్టీ పట్టి మంచినీరు తీసిన యంత్రశాల శిథిలాలు, మరొకచోట ఎండిపోయిన ఈత కొలను చూపించాను. అమ్మ కొలను గట్టున కూర్చొని చాలాసేపు చూసింది. "దీనికి నీళ్ళు ఎవరు మోసేవారు?" అని అడిగింది. ఆ దీవి మీద ప్రతి ఇటుకా, ప్రతి బరువూ ఖైదీల చేతుల మీదుగానే నడిచింది. ఎదురుగా నీటికి అవతల సెల్యులార్ జైలు కనిపిస్తున్నది. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచార్యులు వంటి మనవారు కూడా అక్కడ రోజులు లెక్కపెట్టుకున్నారు. నేను ఆమె ప్రశ్నకు జవాబు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ కనిపించలేదు.

పరిష్కారం పడవలో తిరిగి వస్తుండగా అమ్మ నోటి నుండే వచ్చింది. "మీ తాతగారికి ఒక రేకు తొట్టి ఉండేది. కుర్చీలాగా ఉండేది. కాళ్ళు బయట పెట్టుకొని కూర్చొనేవారు." నాకు చప్పున వెలిగింది. అది కటిస్నానపు తొట్టి! జర్మనీ దేశీయుడైన లూయీ కూనే ప్రచారం చేసిన స్నాన పద్ధతులలో అది ఒకటి. ఆయన గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మగారు 1894లోనే తెలుగులోకి తెచ్చారు. గాంధీ మహాత్ముడు సైతం ఆ స్నానాలను ఆచరించిన సంగతి ఆయన ఆత్మకథ చదివినవారికి తెలుసు. ప్రకృతి చికిత్సలో ఆ స్నానం ఎక్కువగా చన్నీటితో చేస్తారు. మాకు వైద్యులు చెప్పినది వెచ్చని నీరు. కాని తొట్టి ఒకటే. నడుము, పొత్తికడుపు మాత్రమే మునుగుతాయి. వీపుకు ఆనుకొనే వీలున్నది. నీరు నలభై లీటర్లకు మించదు. గీజరు నీళ్ళలో చన్నీళ్ళు కలిపితే చాలును. గట్టు తక్కువ. గోడ పగులగొట్టనక్కరలేదు, గొట్టాలు మార్చనక్కరలేదు. వాడిన తరువాత ఎత్తి నిలబెడితే ఐదడుగుల గది ఐదడుగుల గదిగానే ఉంటుంది.

అప్పటికి పెద్ద తొట్టి అమర్చుకొనుటకు అనుమతి కోరుతూ నేను పెట్టిన దరఖాస్తు ఇంకా బల్ల నుండి బల్లకు నడుస్తూనే ఉన్నది. దానిని మర్యాదగా ఉపసంహరించుకున్నాను. సెలవు మీద విశాఖపట్నం వెళ్ళిన సహోద్యోగికి పని అప్పగించాను. ఆయన ఫైబరు గ్లాసు తొట్టి ఒకటి కొని, ఓడలో తెచ్చే వస్తువు ఖాళీగా తేవడమెందుకని అందులో ఉల్లిపాయలు, చింతపండు, ఒక ఆవకాయ జాడీ సర్ది మరీ తెచ్చాడు. వారం రోజులు మా స్నానాల గది ఆవకాయ వాసన వేసింది.

నొప్పి మంత్రం వేసినట్లు పోయిందని చెప్పను. కాని రెండు నెలలు గడిచేసరికి అమ్మ తనంతట తానుగా మంచం దిగేది. ఊరు పంపించమని అడగడం మానేసింది. స్నానమైన నీటిని మా అబ్బాయి బకెట్లతో తోడి, కొంత మరుగుదొడ్డికి, సబ్బు తగలని మిగతా నీటిని అమ్మ పెంచిన కరివేపాకు మొక్కకు పోసేవాడు. మే నెలలో తొలకరి పడగానే తొట్టిని చూరు కింద పెట్టించి, వాన నీరు పట్టించింది. ఆ నీరు మాకంటే ముందు ఆ చేపల ఇల్లాలి బిందెలలోకి వెళ్ళింది.

2017లో మాకు తిరుగు ఉత్తర్వులు వచ్చాయి. సామాను కడుతున్నప్పుడు అమ్మ ఆ తొట్టిని ఓడ ఎక్కించనివ్వలేదు. ఆ ఇల్లాలిని పిలిచి, "నీకూ నడుము నొప్పి వచ్చే వయసు వస్తుంది. అందాకా నీళ్ళు పట్టుకో" అని ఇచ్చివేసింది.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది. మన సంస్థ నుండి అక్కడికి వెళ్ళే మిత్రులు ఇప్పటికీ నన్ను ఇల్లు, బడి, కూరగాయలు గురించి అడుగుతుంటారు. క్వార్టరులో బాత్ టబ్ పెట్టుకోవచ్చునా అని కూడా ఈమధ్య ఒకరు అడిగారు. పలకల మీద నుండి గోడ కొలుచుకోండి, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకోండి, తరువాత మేడ ఎక్కి ట్యాంకు చూసి, ఆ నీరు ఎన్ని ఇళ్ళదో అడిగి తెలుసుకోండి అని చెప్పాను. వీలైతే ఫిబ్రవరి నెలలో ఒకనాడు తెల్లవారుజామున వీధి పంపు దాకా నడిచి రమ్మన్నాను.