సముద్రము దాటి చెల్లెలి ఇంటికి

 మా దంపతులము ఇద్దరము 2024 జూలై నెలలో దక్షిణ ఆఫ్రికా దేశము వెళ్ళివచ్చాము. అక్కడ మా చెల్లెలు, ఆమె భర్త 2017 నుండి మిషనెరీలుగా పరిచర్య చేస్తున్నారు. వచ్చిన దగ్గరనుండి సంఘములో ఒకరి తరువాత ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఎంత ఖర్చయింది, ఏమి తిన్నారు, అంత దూరములో మన తెలుగువాళ్ళు ఎలా ఉన్నారు అని. అందరికీ విడివిడిగా చెప్పేకంటె పత్రికకు వ్రాయండి అని పాస్టరుగారు అన్నారు. మేము ఒంగోలు దగ్గరి పల్లెలో శనగ, పొగాకు పండించుకునేవాళ్ళము. వ్రాతలో తప్పులుంటే మన్నించండి.

అసలు ఈ ప్రయాణము మేము సరదాకు పెట్టుకున్నది కాదు. మా అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. మా దగ్గరే ఉంటుంది. చెల్లెలు, మరిది వెళ్ళిన తరువాత ఒక్కసారే, 2019లో నాన్నగారి భూస్థాపనకు వచ్చి, పది రోజులుండి తిరిగి వెళ్ళారు. ఆ తరువాత కరోనా వచ్చింది. 2021 జూలైలో వాళ్ళుండే క్వాజులు-నేటాలు రాష్ట్రములో పెద్ద అల్లర్లు జరిగాయి. దుకాణాలు దోచుకున్నారు, గోదాములు తగలబెట్టారు. దేశమంతటా మూడువందల మందికి పైగా చనిపోయారు. ఆ వారములో మూడు రోజులు ఫోను కలవలేదు. అమ్మ అన్నము ముట్టలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో డర్బను చుట్టుపక్కల వరదలు వచ్చి నాలుగువందల మందికి పైగా పోయారు. అప్పటినుండి అమ్మది ఒకటే మాట. “చేసిన సేవ చాలు. మీరు వెళ్ళి వాళ్ళను వెంటబెట్టుకుని రండి. ఫోనులో చెబితే వినరు.” ఆ మాట మోసుకుని బయలుదేరాము.

సిద్ధపాటుకే ఎనిమిది నెలలు పట్టింది. అందులో ఎక్కువ కాలము పేర్లకే పోయింది. మన పల్లె సంఘాలలో చాలామందికి ఉన్న చిక్కే ఇది. సంఘపు రిజిస్టరులో బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రికార్డులో ఇంకొకటి, ఆధారు కార్డులో ఇంటిపేరు లేకుండా మరొకటి. పుట్టిన తేదీ సంగతి సరేసరి. ముందుగా ఆధారు సరిచేయించుకుని, దాని ప్రకారము మిగతా కాగితాలు నడిపించాము. పాస్‌పోర్టు ఫీజు పదిహేను వందలు. అరవై దాటినవారికి పదిశాతము తగ్గిస్తారు. పదవ తరగతి పాసు కానివారిలో కొందరికి పాస్‌పోర్టులో ఇ.సి.ఆర్. అని వేస్తారు. దానిని చూసి మా ఊళ్ళో ఒకాయన ఇక విమానమెక్కనివ్వరని భయపెట్టాడు. అది గల్ఫు వంటి కొన్ని దేశాలకు కూలి పనికి వెళ్ళేవారి కోసము పెట్టిన నియమము. చుట్టపుచూపుగా దక్షిణ ఆఫ్రికా వెళ్ళేవారికి అది అడ్డురాదు.

వీసాకు చెల్లెలు వాళ్ళ ఆహ్వాన పత్రిక, బ్యాంకు కాగితాలు, టిక్కెట్టు వివరాలు, ఇద్దరి వేలిముద్రలు ఇచ్చాము. ఆఫ్రికా అనగానే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలని నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. దక్షిణ ఆఫ్రికాలో ఆ జ్వరము లేదు. అయితే కెన్యా, ఇథియోపియా వంటి దేశాల మీదుగా ప్రయాణము పెట్టుకుంటే ఆ టీకా పత్రము సంగతి వస్తుంది. అరవై దాటినవారు ఆ టీకాను డాక్టరును అడగకుండా వేయించుకోవడము మంచిది కాదని చెప్పారు. అందుకని దుబాయి మీదుగా వెళ్ళే టిక్కెట్లు తీసుకున్నాము. ఇద్దరికీ రానుపోను లక్షన్నర పైనే అయింది. శనగలు అమ్మిన డబ్బు కొంత, గేదెను అమ్మిన డబ్బు కొంత. అప్పు చేయలేదు.

స్త్రీల సమాజమువారు ఇంటింటి పిడికెడు బియ్యము ఆరు నెలలు కూడబెట్టి, అమ్మగా వచ్చిన పదకొండు వేల నాలుగువందల రూపాయలు మా చేతిలో పెట్టారు. అక్కడి డబ్బులో అది సుమారు రెండున్నరవేల రాండ్లు. వయసుమళ్ళిన ఒక విధవరాలు తన కానుక విడిగా తెచ్చి, “నా బియ్యము అందులో కలిసిపోయాయి, ఇది విడిగా చెప్పండి” అని ఇరవై రూపాయల నోటు ఇచ్చింది. విడిగానే చెప్పాము.

మిషనెరీలను చూడబోయేవారికి ఇక్కడ ఒక మాట. మనకు తోచినవి మూటకట్టక, ముందుగా వాళ్ళను అడగండి. మేము పచ్చళ్ళు, చీరలు అనుకున్నాము. చెల్లెలు అడిగినవి వేరు. పెద్ద అక్షరాల తెలుగు బైబిలు ఒకటి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు రెండు, మన సంఘము ఆదివారము పాడేటప్పుడు రికార్డు చేసిన పాటలు. తెలుగు బైబిలు అంత పెద్దది ఎవరికోసమో మాకు అప్పుడు తెలియలేదు.

విమానము సంగతి ఎక్కువ వ్రాయను. దుబాయికి నాలుగు గంటలు, అక్కడినుండి డర్బనుకు ఎనిమిదిన్నర గంటలు. కాళ్ళు వాచాయి. అక్కడి గడియారము మనకంటె మూడున్నర గంటలు వెనుక. జూలైలో మనకు వానలైతే వాళ్ళకు చలికాలము. విమానాశ్రయములో చెల్లెలు స్వెట్టరు వేసుకుని నిలబడి ఉంది. తల సగము నెరిసింది. ఫోనులో చూసినప్పుడు అది మాకు తెలియలేదు.

వాళ్ళుండేది డర్బనుకు ఉత్తరాన, సముద్రపు ఒడ్డు వైపు, క్వాడుకూజా అనే ఊరు. 2006 వరకు స్టాంగరు అనేవారు. దారి పొడవునా కొండల మీద చెరకే చెరకు. చోడవరము వైపు మా బంధువుల ఊళ్ళలో సంక్రాంతి రోజుల్లో చెరకు నరుకుతారు. అక్కడ జూలైలో నరుకుతున్నారు. నరికేముందు చేనుకు నిప్పుపెట్టి ఆకు కాల్చేస్తారు. ఆ నల్లటి మసి గాలికి ఎగిరివచ్చి ఆరవేసిన బట్టల మీద పడుతుంది.

ఆ చెరకే మనవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళింది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందిని తీసుకుని డర్బను రేవు చేరింది. ఐదేళ్ళ ఒప్పందము, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల కూలి. 1911లో ఆ పద్ధతి ఆగిపోయేలోగా లక్షా యాభై రెండువేల మందికి పైగా భారతదేశము నుండి వెళ్ళారు. విశాఖపట్నము, గంజాము, చిత్తూరు వైపుల నుండి తెలుగువారు ఎంతోమంది. వారిలో బాప్తిస్మము పొందినవారూ ఉన్నారు. చెరకు తోటలలో, తేయాకు తోటలలో పనిచేస్తూ, మాకు తెలుగులో వాక్యము చెప్పేవారిని పంపండి అని వాళ్ళు స్వదేశపు సంఘాలకు మొరపెట్టుకున్నారు. అప్పుడు తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీవారు నెల్లూరులో ఉపాధ్యాయుడుగా ఉన్న జాన్ రంగయ్యగారిని 1903లో నేటాలుకు పంపారు. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడింది. 1914లో నేటాలు ఇండియన్ బాప్టిస్టు అసోసియేషన్ ఏర్పడింది. 1915లో రంగయ్యగారు ఆ దేశములోనే ప్రభువునందు నిద్రించారు.

ఇది విని మేము చాలాసేపు మాట్లాడలేదు. 1878 జూలైలో ఒంగోలు మిషనులో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చిన సంగతి మా ప్రాంతములో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అమెరికా నుండి మనకు ఎవరు వచ్చారో పేర్లతో సహా తెలుసు. ఆ తరువాత పాతికేళ్ళకే మన తెలుగు సంఘాలు తమ మనిషిని సముద్రము దాటించిన సంగతి మాత్రము మేము అరవై ఏళ్ళు దాటాక అక్కడికి వెళ్ళి వినవలసి వచ్చింది. మన ఆదివారపు బడిలో ఇది కూడా చెప్పాలని మా అభిప్రాయము.

మరిది ఒక ఉదయము మమ్మల్ని కియర్స్నీ వైపు తీసుకెళ్ళాడు. తేయాకు 1949తోనే పోయింది. ఇప్పుడు అటంతా చెరకే.

చెల్లెలు వాళ్ళ పని చూస్తే ఉపన్యాసాలు, మహాసభలు ఏమీ లేవు. మధ్యాహ్నము బడి వదిలాక ముప్పైమంది జూలూ పిల్లలు వస్తారు. చాలామందికి తల్లిదండ్రులు లేరు. ఎయిడ్సు ఆ రాష్ట్రాన్ని అంతగా పీల్చింది. అమ్మమ్మలే పెంచుతున్నారు. అమ్మమ్మను వాళ్ళు గోగో అంటారు. అక్కడి సంఘపు స్త్రీలతో కలిసి చెల్లెలు వాళ్ళకు అన్నము పెట్టి, చదువు చెప్పి పంపుతుంది. జూలూ భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. పిల్లలు నవ్వుతారు, తానూ నవ్వుతుంది. సాయంత్రము ఇద్దరూ ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేస్తారు. అల్లర్ల వారములో కూడా పొరుగున ఉన్న గోగోలే తమకు పిండి, పాలు తెచ్చి ఇచ్చారని అప్పుడే మాకు చెప్పారు.

నాలుగవ రోజు రాత్రి భోజనాల తరువాత అమ్మ మాట చెప్పాము. చెల్లెలు కంచాలు తీస్తూ వింటూ ఉంది. మరిది తల వంచుకున్నాడు. జవాబు రాలేదు. “రేపు పొద్దున ఒక ఇంటికి వెళ్ళాలి, మీరూ రండి” అన్నది అంతే.

మరునాడు వెళ్ళిన ఇంట్లో ఎనభై తొమ్మిదేళ్ళ ముసలమ్మ మంచములో ఉంది. ఆమె తాతల కాలములో విశాఖ వైపు నుండి ఓడమీద వచ్చారు. తోట కూలీల లైనులో పుట్టి, నాయనమ్మ దగ్గర తెలుగు నేర్చింది. జీవితమంతా ఇంగ్లీషే మాట్లాడింది. పిల్లలకు, మనుమలకు తెలుగు ఒక్క ముక్క రాదు. రెండేళ్ళ క్రితము పక్షవాతము వచ్చింది. అప్పటినుండి ఇంగ్లీషు నోటికి రావడము లేదు. చిన్ననాటి తెలుగు మాత్రము వస్తోంది. ఆమె ఏమి అడుగుతోందో ఇంట్లో ఎవరికీ తెలియక, మనుమరాలు ఏడుస్తూ చెల్లెలిని వెతుక్కుంటూ వచ్చిందట. మొదటి రోజు ఆమె అడుగుతున్నది గంజి. ఉప్పువేసిన గంజి. అప్పటినుండి చెల్లెలు వారానికి మూడుసార్లు వెళ్తుంది.

మమ్మల్ని చూసి ఆ పెద్దావిడ, “ఏ ఊరమ్మా మీది? ఓడలో వచ్చారా?” అన్నది. విమానములో వచ్చామన్నాము. నమ్మినట్టు లేదు. మేము మోసుకెళ్ళిన పెద్ద అక్షరాల బైబిలు ఆమెకోసమే. ఆమెకు తెలుగు చదవడము రాదు. అయినా పేజీ మీద చేయి పెట్టి ఉంచుతుంది, చెల్లెలు చదువుతుంది. ఆ తరువాత ఆమె ప్రార్థన చేసింది. మాట తడబడుతోంది. అయినా మా ఊరి పెద్దమ్మలు చేసినట్టే, పేరుపేరునా ఇంట్లోవాళ్ళను తలచుకుని, చివరకు “ఈ వచ్చినవాళ్ళ తల్లిని కూడా” అన్నది. మనుమరాలి అనుమతితో ఆ ప్రార్థన ఫోనులో రికార్డు చేసుకున్నాము.

తిరిగివచ్చే దారిలో చెల్లెలు నోరు విప్పింది. “అక్కా, ఇలాంటివాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకా నలుగురున్నారు. వాళ్ళు పోయాక ఇక్కడ తెలుగులో ప్రార్థన చేయమని అడిగేవాళ్ళు ఉండరు. పిల్లల సంగతి వేరే. వచ్చే డిసెంబరులో వస్తాము, ఐదు వారాలుంటాము. ఉండిపోవడానికి కాదు. అమ్మను మీరే చూడండి అని బావగారితో అనడానికి నాకు మొహము చెల్లడము లేదు. అయినా అదే అడుగుతున్నాను.”

మాకు కోపము రాలేదని చెప్పలేము. మిషనెరీలను పంపించిన ఇళ్ళలో ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టేది, రాత్రుళ్ళు మేలుకునేది ఇంకొకరు. వాళ్ళ పేర్లు ప్రార్థన కార్డుల మీద ఉండవు. ఆ రాత్రి మేమిద్దరము గదిలో కూర్చుని ఆ విషయమే మాట్లాడుకున్నాము. ఆ ముసలమ్మ గంజి అడిగి, ఎవరికీ అర్థముకాక పడుకున్న ఆ మొదటి రోజులు ఎన్ని ఉన్నాయో అనిపించింది. పొద్దున్నే చెల్లెలితో “అమ్మ సంగతి మేము చూసుకుంటాములే” అన్నాము. అంతకుమించి చెప్పడానికి మాటలు రాలేదు.

పందొమ్మిది రోజులుండి వచ్చాము. ఆటో దిగేసరికి అమ్మ గడపలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. ఎంతమంది దిగారో లెక్కపెట్టుకుంది. ఏమీ అడగలేదు. స్నానాలు, భోజనాలు అయ్యాక ఫోను చెవి దగ్గర పెట్టి ఆ ప్రార్థన వినిపించాము. విని, “ఈమెకు వినపడుతుందా బాగా?” అన్నది. వినపడుతుందన్నాము. “కూతుళ్ళు లేరా?” ఉన్నారు, తెలుగు రాదన్నాము. “ఇంకోసారి పెట్టండి” అన్నది.

చెప్పిన ప్రకారమే డిసెంబరులో చెల్లెలు, మరిది వచ్చి ఐదు వారాలున్నారు. క్రిస్మసు ఆరాధనలో ఇద్దరూ సాక్ష్యము చెప్పారు. ఇరవై రూపాయలు ఇచ్చిన విధవరాలు మొదటి వరుసలోనే కూర్చుంది. అమ్మ మాత్రము “వెళ్ళిరండి” అనే మాట నోటితో ఇప్పటికీ అనలేదు. వాళ్ళు బయలుదేరే రోజు తెల్లవారుజామున లేచి, దంపుడు బియ్యపు నూకలు చెరిగించి, గుడ్డసంచిలో కట్టి, ఆ స్టాంగరు ముసలామెకు అని చెల్లెలి చేతికి ఇచ్చింది. ధాన్యము దాటనివ్వరని మరిది మెల్లగా చెప్పబోయాడు. చెల్లెలు కళ్ళతో వద్దని సైగచేసి సంచి తీసుకుంది. హైదరాబాదులో దానిని మా బంధువుల ఇంట్లో ఉంచి, అక్కడ ఊళ్ళో కొన్న నూకలతో గంజి కాచి, “మా అమ్మ పంపింది” అని చెప్పి తాగించిందట.

ఆ సంగతి అమ్మకు ఫోనులో చెప్పింది. “ఉప్పు ఎక్కువ వేయలేదు కదా” అని అమ్మ అడిగింది.