చెరకు లెక్క

అమెరికా సంప్రదాయవాద వ్యాఖ్యాతలలో థామస్ సోవెల్‌ది విలక్షణమైన స్థానం. 1930లో నార్త్ కరోలినాలో నిరుపేద నల్లజాతి కుటుంబంలో పుట్టి, న్యూయార్క్‌లోని హార్లెంలో పెరిగి, హైస్కూలు చదువు మధ్యలో మానివేసి, మెరైన్ దళంలో పనిచేసి, ఆ తరువాత హార్వర్డ్, కొలంబియా, షికాగో విశ్వవిద్యాలయాలలో అర్థశాస్త్రం చదివిన మనిషి ఆయన. ఇరవైలలో ఆయన మార్క్సిస్టు. హార్వర్డ్‌లో పట్టా కోసం రాసిన సిద్ధాంతవ్యాసం మార్క్స్ మీదనే. షికాగోలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ పాఠాలు విన్న తరువాత కూడా ఆ విశ్వాసం సడలలేదని ఆయనే చెప్పుకున్నారు. శ్రీశ్రీని కంఠస్థం చేస్తూ, అభ్యుదయ సాహిత్యం చదువుతూ పెరిగిన తెలుగు పాఠకుడికి ఆ యువకుడు పరాయివాడు కాడు. కొరుకుడు పడనిది తరువాతి సోవెల్.

ఆ మార్పు తెచ్చినది ఏ గ్రంథమో, ఏ గురువో కాదు. 1960 వేసవిలో ప్రభుత్వ కార్మిక శాఖలో చేసిన తాత్కాలిక ఉద్యోగం. ప్యూర్టో రికో చక్కెర పరిశ్రమను పరిశీలించడం ఆయనకు అప్పగించిన పని. అక్కడ కనీస వేతనం పెరుగుతున్న కొద్దీ ఉద్యోగాలు తగ్గుతూ వచ్చాయి. దీనికి రెండు వివరణలు వినిపించేవి. వేతనం పెరిగింది కనుక యజమానులు కూలీలను తగ్గించారన్నది ఒకటి. తుఫానులు చెరకు పంటను పాడుచేశాయి కనుక పని తగ్గిందన్నది రెండవది. కనీస వేతనాన్ని అభిమానించే సోవెల్ ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చే మార్గం వెతికారు. తుఫాను రాకముందు పొలాల్లో ఎంత చెరకు నిలిచి ఉందో లెక్క దొరికితే చాలునని ఒకనాడు పై అధికారులకు చెప్పారు. మెచ్చుకుంటారనుకుంటే వారి ముఖాలు మాడిపోయాయి.

ఆ శాఖ పనిలోను, నిధులలోను గణనీయమైన భాగం కనీస వేతన చట్టం అమలుకు సంబంధించినది. చట్టం వల్ల పేద కూలీ పని పోతున్నదా, నిలుస్తున్నదా అన్న ప్రశ్న కూలీకి ప్రాణప్రదం, శాఖకు ఇబ్బందికరం. అక్కడ ఎవరూ దుర్మార్గులు కారు. వ్యవస్థకు తనదైన ప్రయోజనం ఒకటి ఉంటుందని, అది ప్రజల ప్రయోజనంతో కలిసి నడవాలనే నియమమేమీ లేదని సోవెల్ అక్కడ గ్రహించారు. ఆ తరువాతి అరవై ఏళ్ళ రచన అంతా ఈ గ్రహింపుకు వ్యాఖ్యానమే.

2000లో వెలువడిన ‘బేసిక్ ఎకనామిక్స్’ ఆ రచనలలో అందరూ చదవగలిగినది. రేఖాచిత్రాలు లేవు, సమీకరణాలు లేవు. ప్రతి విధానాన్నీ ఒకే ప్రశ్నతో పరీక్షిస్తారు: తరువాత ఏమవుతుంది? అద్దెలకు ప్రభుత్వం హద్దు విధిస్తే ఇవాళ ఆ ఇంట్లో ఉన్నవారికి ఊరట. కానీ కొత్త ఇళ్ళు కట్టేవారు తగ్గుతారు, ఉన్న ఇళ్ళకు మరమ్మతు చేయించేవారూ తగ్గుతారు, రేపు ఊరికి వచ్చేవాడికి గది దొరకదు. లాభపడినవాడు కళ్ళెదుట ఉంటాడు. నష్టపోయినవాడు ఎవరో కూడా తెలియదు. అందుకే విధానాన్ని దాని ఉద్దేశంతో కాక ఫలితంతో తూచాలంటారు సోవెల్. వైద్యంలో ఇది పాత మాటే. మందు ఇచ్చినవాడి మనసు మంచిదైనంత మాత్రాన రోగం కుదరదు.

అయితే ఈ గ్రంథానికి ఒక లోపం ఉంది. ఎదుటివారి వాదాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టి ఎదుర్కోదు. 1992లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది, పొరుగున ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. ఆ రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పోల్చి చూసిన డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్‌లకు ఉద్యోగాలు తగ్గిన జాడ కనిపించలేదు. సోవెల్ ఆ ఫలితాన్ని అంగీకరించలేదు. ఆర్థికవేత్తల మధ్య ఆ వివాదం నేటికీ తెగలేదు. కానీ వారు చేసినది చెరకు లెక్క వంటి పనే. లెక్క అడగడం నేర్పినవాడు, తనకు నచ్చని లెక్కకు కూడా అంత ఓపికగా చోటివ్వాలి.

ఇక అదే ప్రశ్నను స్వపక్షాన్ని అడగడంలో సోవెల్ వెనుదీయలేదు. 1930లో రిపబ్లికన్ అధ్యక్షుడు హూవర్ దిగుమతి సుంకాలను భారీగా పెంచే స్మూట్-హాలీ చట్టంపై సంతకం చేశారు. వద్దని వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు మొరపెట్టుకున్నారు. స్టాక్ మార్కెట్ పతనం తరువాత కొంత పెరిగి మళ్ళీ తగ్గుముఖం పట్టిన నిరుద్యోగం, ఈ చట్టం వచ్చిన తరువాతనే పట్టపగ్గాలు లేకుండా పెరిగిందని సోవెల్ తన వ్యాసాలలో పదేపదే రాశారు. 2025లో ట్రంప్ ప్రభుత్వం సుంకాలు పెంచినప్పుడు, 94 ఏళ్ళ వయసులో, ఆయన మళ్ళీ ఆ చరిత్రనే గుర్తుచేశారు. దేశీయ కార్మికుడిని కాపాడాలన్నది మంచి ఉద్దేశమే. కనీస వేతనం వెనుక ఉన్నదీ మంచి ఉద్దేశమే.

సంప్రదాయవాద వ్యాఖ్యానానికి ఇవాళ ఎదురైన పరీక్ష ఇదే. అద్దెల చట్టాన్ని ‘తరువాత ఏమవుతుంది’ అని నిలదీసిన పత్రికలు, టీవీ వ్యాఖ్యాతలు సుంకాల దగ్గరకు వచ్చేసరికి ఆ ప్రశ్న మరిచిపోతే, వారు ఆనాటి కార్మిక శాఖ అధికారుల వరుసలో చేరినట్టే. సోవెల్ తీర్మానాలతో ఏకీభవించని పాఠకుడు కూడా ‘బేసిక్ ఎకనామిక్స్’ చదవవచ్చు. ఏ పార్టీ వాగ్దానం విన్నా, ముందుగా పొలంలో నిలిచిన చెరకు ఎంతో అడిగే అలవాటు ఆ పుస్తకం వల్ల అబ్బుతుంది.